వార్తల్లో పదం: ప్రైవసీ వాషింగ్

మీ గోప్యతను కాపాడెదమని ఘనముగా ప్రకటించుచు, ఆ ప్రకటన మాటుననే వినియోగదారుని ఆన్‌లైన్ సంచారమును కనిపెట్టి సొమ్ము చేసికొను వ్యాపారరీతికి, ఇటీవల శీర్షికలలో తరచుగా కానవచ్చుచున్న పేరు ‘ప్రైవసీ వాషింగ్’.

హైదరాబాదు ఆబిడ్సు జగదీశ్ మార్కెట్టులో క్రొత్త ఫోను కొనునపుడు, దుకాణదారుడే ‘అంగీకరించుచున్నాను’ అను మీటలన్నియు చకచక నొక్కి చేతికిచ్చుట చూచినవారికి దీని పూర్వరంగము తెలిసియే యుండును: తాళపు బొమ్మ పెద్దది, షరతుల అక్షరములు చీమతలకాయలంత.

ఉదాహరణకు, వెంటాడు కుకీలనుండి రక్షింతునని చెప్పుకొన్న అవాస్ట్ సంస్థ, తాను సేకరించిన బ్రౌజింగ్ చరిత్రను జంప్‌షాట్ అను అనుబంధ సంస్థ ద్వారా విక్రయించెనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపింపగా, 2024లో 1.65 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. వివరములు అనామకములని సంస్థ చెప్పుచు వచ్చెను. ఒక్కొక్క బ్రౌజరుకు ప్రత్యేకమైన గుర్తు తగిలించియుండగా అనామకత్వమెక్కడిదని కమిషన్ ఆక్షేపణ. ఇట్టి వివాదములు తరచుగా ఇట్టి గుర్తుల చుట్టునే తిరుగును.

మన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమున ‘ప్రైవసీ వాషింగ్’ అను పదము లేదు గాని, తప్పుదోవ పట్టించు ప్రకటనకు నిర్వచనము కలదు. ఆ చట్టము క్రింది కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తొలి తప్పునకు 10 లక్షలు, పునరావృతమైనచో 50 లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. నష్టపడిన నగరవాసికి నాంపల్లిలోని జిల్లా వినియోగదారుల కమిషన్ కలదు. ఫిర్యాదునకు ముందు ఆ ప్రకటన స్క్రీన్‌షాటు దాచుకొనుట మేలు, ఏలయన ప్రకటనలు రాత్రికి రాత్రే మారిపోవును.