క్రొత్త పడవకు సారె

కూతు నత్తవారింటికి బంపునపుడు సారె సర్దుట మన తెలుగు గృహిణులకు క్రొత్త గాదు. పట్టుచీరెలు, మిఠాయిలు పైన గనబడును. తెలివిగల తల్లి వాని యడుగున జ్వరపు మందులు, సూది దారము, కొంత రొక్కము గూడ నుంచును. చూడవచ్చినవారు మెచ్చుకొనునవి పైవి; ఆపదలో నక్కఱకు వచ్చునవి క్రిందివి. క్రొత్త మోటారు పడవను జేయించుకొనువారికిని ఈ న్యాయమే వర్తించునని యీ నడుమ మాకు దెలిసినది.

పడవల ప్రసంగము మనకేల యని సోదరీమణులు నవ్వవచ్చును. మేముండునది అమీరుపేట. పంజగుట్ట దాటి ఖైరతాబాదు మీదుగా బోయిన హుస్సేనుసాగరపు గట్టు చేరుదుము. సెలవు వచ్చెనా, బుద్ధవిగ్రహము కడకు పడవలో బోవుదమని పిల్లలు మారాము చేయుదురు. చుట్టములు పాపికొండలకును, నాగార్జునసాగరమునకును బోవుచుందురు. పడవను గొనువారు పురుషులే యైనను, బిడ్డల నొడిలో నుంచుకొని దానిలో గూర్చుండువారము మనమే గదా!

మా పినతండ్రి కుమారుడు నాగార్జునసాగర జలాశయమున విహారమునకు నడుపుటకై 20 మంది పట్టు మోటారు పడవ నొకదానిని జేయించుచున్నాడు. పడవ నప్పగించుటకు ముందు అమర్పవలసిన సామానుల జాబితా నిమ్మని కట్టువారు కోరిరట. తెరలకు గుడ్డ కొనుటకై యతడు మా యింటికి వచ్చి, "అక్కా, నీలము బాగుండునా, కెంపు బాగుండునా?" అని యడిగెను. "ముందా జాబితా చదువు, నాయనా" అంటిమి. రంగుదీపములు, పాటలపెట్టె, చల్లగాలి యంత్రము, గ్యాసుపొయ్యి, పైకప్పు మీద కుర్చీలు, ఇవి ముందు. కట్టకడపట 20 లైఫ్ జాకెట్లు; అన్నియు పెద్దల కొలతవే.

"పిల్లలెక్కరా?" యన్నచో, "పెద్దవానినే బిగించి కట్టుదు మక్కా" అనెను. నమూనాకై యతడు తెచ్చిన జాకెట్టును మా యాఱేండ్ల యమ్మాయికి దొడిగి, పట్టీలు బిగించి, జాకెట్టు భుజములు పట్టి పైకెత్తితిమి. జాకెట్టు చెవులు దాటి లేచెను. పిల్ల మాత్రము నేలమీదనే నిలిచియుండెను. నీటిలోను జరుగునది యిదియే. తమ్ముడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట కలము దీసి, పిల్లల కొలతలవి, కాళ్ళ నడుమ పట్టీ గలవి, ఎనిమిది వ్రాసికొనెను.

స్త్రీలు జాకెట్టును చీరెపై దొడుగుకొని, పమిటను నడుమున దోపుకొనవలెను. పమిట వదులుగా నున్నచో పట్టీలలో జిక్కుకొనును. తడిసిన చీరె కాళ్ళకు జుట్టుకొని యీదనీయదు.

గ్యాసుపొయ్యి సంగతి మన కెఱిగినదే. వంటగ్యాసు గాలికంటె బరువైనది. ఇంటిలో గారినచో తలుపు తెఱచిన గడప మీదుగా కొంత వెలికి బోవును. పడవ యడుగు గిన్నె వంటిది. అందు జేరినది తనంతట బయటకు బోజాలదు. నిప్పురవ్వ యొకటి చాలును. కావున సిలిండరును లోపలి గదిలో గాక, అడుగున వెలుపలికి రంధ్రము గల ప్రత్యేకపు టఱలో నుంచవలెను. పెట్రోలు ఆవిరియు నిట్టిదే. మంటలార్పు సిలిండరు పొయ్యికి వెనుక నుండరాదు. మంటను దాటకుండ చేయి యందునట్లు గుమ్మము కడ నుండవలెను.

ఇక బరువు మాట. తలపై బిందెతో నడచునప్పుడు కాలు జాఱిన నిలద్రొక్కుకొనుట యెంత కష్టమో మనకు దెలియును. పైకప్పు మీద కుర్చీలు వేసి పదిమందిని గూర్చుండబెట్టిన పడవ గతియు నంతియే. హుస్సేనుసాగరములో 1990 మార్చి 10న బుద్ధవిగ్రహమును గొనిపోవు బల్లకట్టు ఒఱిగి, విగ్రహము నీటిపాలయ్యెను. పలువురు ప్రాణములు గోల్పోయిరి. విగ్రహమును 1992 డిసెంబరు 1న పైకి దీసిరి. పోయిన ప్రాణములు మరల రాలేదు.

ఇవి యన్నియు పడవ చేతికి రాకముందే యేల యనిన, విద్యుత్తీగెలు నేలపలకల క్రింద బోవును. తోడుయంత్రమునకు అడుగున చోటు గావలెను. పలకలు బిగించిన పిమ్మట మార్పు గోరినచో క్రొత్త పడవను గోయవలసి వచ్చును. అడుగున జేరిన నీటిని వెలికి దోడుటకు విద్యుత్తుతో నడుచునది యొకటి, చేతితో గొట్టునది యొకటి యుండవలెను. యంత్రము నడుపుటకొక బ్యాటరీ, దీపములకు వేఱొకటి యుండవలెను. పాటలపెట్టె రాత్రియంతయు మ్రోగినను ఉదయమున యంత్రము కదలవలెను గదా! లంగరు త్రాడు నీటిలోతునకు 5 మొదలు 7 రెట్లుండవలెను. చీకటిలో ఎడమ నెఱ్ఱదీపము, కుడి నాకుపచ్చ దీపము, వెనుక తెల్లదీపము వెలుగవలెను. సామానంతయు నెక్కించి, కొన్నవారి యెదుట నీటిలో నడిపి చూపిన పిమ్మటనే కడపటి సొమ్ము చెల్లింపుట మేలు.

అన్నియు నున్నను, వరదను పరికరములు జయింపజాలవు. 2019 సెప్టెంబరు 15న గోదావరి పోటుమీద నుండగా పాపికొండలకు బయలుదేఱిన విహారనౌక కచ్చులూరు కడ మునిగినది. అందు హైదరాబాదువారును, ఓరుగల్లు చేరువనున్న కడిపికొండవారును గలరు. నదిలోనుండి యా నౌకను అక్టోబరు 22న గాని తీయలేకపోయిరి. నేడు బయలుదేఱరాదని చెప్పగల ధైర్యము గూడ పడవకు గావలసిన సామానులలో నొకటి.

1917 నాటి చట్టమునకు మాఱుగా, నదులలోను జలాశయములలోను దిరుగు యంత్రపు పడవలకై పార్లమెంటు 2021లో క్రొత్త చట్టము చేసినది. పరీక్షాపత్రము, నమోదు లేక వానిని నడుపరాదు.

వ్యాసభారతమున ఆదిపర్వములోని లక్కయింటి కథ మన మెఱిగినదే. కుంతియు పాండవులును సొరంగము వెడలి గంగయొడ్డు చేరునప్పటికి, గాలికి దట్టుకొనునట్టి యంత్రసహితమగు నావను విదురుడు సిద్ధపఱచి యుంచెను. ఇల్లు కాలిన పిమ్మట పడవకై వెదకలేదు.

కావున సోదరీమణులారా, పడవ యెక్కునపుడు మూడు ప్రశ్నలడుగుడు. ఇందెందఱెక్కవచ్చును? నా బిడ్డ కొలతకు జాకెట్టేది? నీరు జొచ్చిన బయటపడు ద్వారమేది? జాకెట్టు ఉక్కగా నున్నదని దిగువఱకు విప్పకుడు. సరియైన యుత్తరము రానిచో టిక్కెట్టు సొమ్ము పోయినను బోనిచ్చి గట్టుకు దిగుడు. పిల్లలేడ్తురు, సాయంకాలమునకు మఱచిపోదురు.