పేరు వాళ్లది, నీళ్లు మనవి

ఎండాకాలంలో ఏ ఊరి బడ్డీకొట్టు ముందు నిలబడినా రంగు రంగుల కూల్‌డ్రింకు సీసాలు కనబడతాయి. తాగునీటికి బిందెలు పట్టుకుని ఆడవాళ్లు దూరం నడిచిపోయే ఊళ్లలో కూడా ఆ సీసా దొరుకుతుంది. మంచినీళ్లు చేరని చోటికి కూల్‌డ్రింకు ఎలా చేరింది? దీని వెనక వందేళ్లకు పైబడిన వ్యాపార పద్ధతి ఒకటి ఉంది. వ్యవసాయ కూలీలమూ, రైతులమూ దాన్ని అర్థం చేసుకోవాలి. ఎందుకంటే ఆ సీసాలోకి పోయేది మన నీళ్లు, మన చెరుకు, మన మామిడి, మన చెమట.

ఒక్క డాలరు ఒప్పందం

1886లో అమెరికాలోని అట్లాంటా నగరంలో జాన్ పెంబర్టన్ అనే మందులు తయారుచేసే ఆయన కోకాకోలా పాకాన్ని కనిపెట్టాడు. తర్వాత ఆ వ్యాపారం ఆసా కాండ్లర్ చేతికి వచ్చింది. 1899లో ఇద్దరు లాయర్లు వచ్చి, మీ పానీయాన్ని సీసాల్లో నింపి అమ్ముకుంటామన్నారు. సీసాల బేరం మీద కాండ్లర్‌కు నమ్మకం లేదు. ఒకే ఒక్క డాలరుకు దాదాపు దేశమంతటికీ హక్కు రాసిచ్చాడు. అలా ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. కంపెనీ పాకం అమ్ముతుంది. సీసాలు, యంత్రాలు, బండ్లు, కూలీల ఖర్చు అంతా సీసాలు నింపేవాడిది.

మన ఊరి మాటల్లో చెప్పుకుంటే ఇది కౌలు. భూస్వామి నేల ఇస్తాడు. విత్తనం, ఎరువు, కూలి ఖర్చు కౌలుదారు పెట్టుకుంటాడు. వాన వచ్చినా రాకపోయినా కౌలు మాత్రం ముందే లెక్క కట్టాలి. కోకాకోలా, పెప్సీ కంపెనీలు కౌలుకిచ్చేది నేల కూడా కాదు, పేరు. అయితే ఒక తేడా మరవకూడదు. ఇక్కడి కౌలుదారు మన కౌలురైతులాంటి పేదవాడు కాడు. సీసాలు నింపే కంపెనీ కూడా పెద్ద పెట్టుబడిదారే. పైవాడు తన మీద మోపిన బరువును అతను కార్మికుడి మీదికి, నీళ్ల మీదికి, రైతు మీదికి తోస్తాడు.

1986లో కోకాకోలా కంపెనీ అమెరికాలోని పెద్ద పెద్ద సీసా ఫ్యాక్టరీలను కలిపి వేరే కంపెనీ పెట్టింది. అందులో తన వాటా 49 శాతం ఉంచుకుని మిగతాది అమ్మేసింది. అప్పులు, యంత్రాలు ఆ కంపెనీ ఖాతాలోకి పోయాయి. పాకం లాభం మాత్రం తన దగ్గరే ఉంది. 2024లో కోకాకోలా ఆదాయం సుమారు 4,700 కోట్ల డాలర్లు. అన్ని ఖర్చులూ, పన్నులూ పోగా మిగిలిన లాభం వెయ్యి కోట్ల డాలర్లకు పైనే. అంటే నూటికి ఇరవై రెండు రూపాయలు మిగులు! పొలంలో నూటికి ఎంత మిగులుతుందో మన రైతునడిగితే చెబుతాడు.

దేశాన్ని వదిలారు, గుట్టు వదల్లేదు

1977లో జనతా ప్రభుత్వం విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోమని చట్ట ప్రకారం కోకాకోలాను అడిగింది. పాకం గుట్టు, దాని మీద పెత్తనం వదులుకోవడానికి ఒప్పుకోని కంపెనీ దేశాన్నే వదిలి వెళ్లిపోయింది. లాభం ఎక్కడుందో వాళ్లకు అంత బాగా తెలుసు!

1993లో తలుపులు తెరవగానే తిరిగొచ్చింది. ఈసారి ఇక్కడి పార్లే కంపెనీ దగ్గర థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్, మాజా పేర్లను కొనేసింది. పోటీదారుణ్ణి ఓడించడం కష్టమైతే వాడి పేరునే కొనెయ్యడం ఈ వ్యాపారంలో మరో ఎత్తు. ఇవాళ మన తెలుగు సినిమా హీరోలు చేతబట్టి చూపించే థమ్సప్ ఎవరిదో చాలామందికి తెలియదు. 2003లో అదే కంపెనీ 200 మిల్లీలీటర్ల సీసాను 5 రూపాయలకు పెట్టి పల్లెల్లోకి దిగింది. కూలి మనిషి జేబులో ఉండే చిల్లర ఎంతో లెక్కగట్టి ధర పెట్టారన్నమాట.

ప్లాచిమడ చెప్పిన పాఠం

కేరళలో పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో 2000లో కోకాకోలా ఫ్యాక్టరీ మొదలైంది. చుట్టుపక్కల ఉండేవాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలు, వ్యవసాయ కూలీలు. కొద్ది కాలానికే బావుల్లో నీళ్లు అడుగంటాయని, ఉన్న నీళ్లు వంటకు కూడా పనికిరావడం లేదని వాళ్లు మొర పెట్టుకున్నారు. ఫ్యాక్టరీ మడ్డిని ఎరువు పేరుతో రైతులకిస్తే, అందులో కాడ్మియం, సీసం లోహాలు ఉన్నట్టు 2003లో పరీక్షల్లో తేలింది. నీటి కరువుకు కారణం తాము కాదని కంపెనీ వాదించింది.

2002 ఏప్రిల్ 22న ఫ్యాక్టరీ గేటు ఎదుట పాక వేసుకుని కూర్చున్నారు. మయిలమ్మ అనే ఆదివాసీ కూలి మహిళ ముందుండి నడిపింది. 2003లో పెరుమట్టి పంచాయితీ లైసెన్సు పొడిగించనంది. కోర్టులో తీర్పులు అటూ ఇటూ అయ్యాయి. 2003 డిసెంబరులో భూగర్భ జలం ప్రజలదని హైకోర్టు అంటే, 2005లో అదే హైకోర్టు రోజుకు 5 లక్షల లీటర్లు తోడుకోవచ్చంది. కానీ 2004 మార్చిలో ఆగిన ఫ్యాక్టరీ ఆ తర్వాత నిలకడగా నడవలేదు. 2017లో ఇక తెరవబోమని కంపెనీయే సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. జనం గేటు వదలకపోబట్టే ఇది జరిగింది.

అయితే గెలుపు సగమే. నష్టం 216 కోట్ల రూపాయలకు పైనే అని 2010లో ప్రభుత్వ కమిటీ లెక్కకట్టింది. పరిహారం ఇప్పించడానికి 2011లో కేరళ శాసనసభ బిల్లు చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. మయిలమ్మ 2007లోనే కన్నుమూసింది.

మామిడి మాటేమిటి?

ఇది ఎక్కడో కేరళ సంగతి అనుకోవద్దు. మామిడి పానీయాలకు వాడే గుజ్జులో పెద్ద భాగం చిత్తూరు ప్రాంతపు తోతాపురిదే. పానీయం కంపెనీలకు తోటలుండవు. గుజ్జు ఫ్యాక్టరీ నుంచి కొంటాయి. ఫ్యాక్టరీ రైతు దగ్గర కొంటుంది. గుజ్జు నిల్వలు పేరుకుపోతే పానీయం కంపెనీకి పోయేదేమీ లేదు. కొనడం తగ్గిస్తుంది, అంతే. 2025 వేసవిలో అదే జరిగింది. కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అని నిర్ణయించారు. ఆ 8 రూపాయల కోసమే రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది. రైతుకు గిట్టనప్పుడు కాయ కోసే కూలికి ఏం దక్కుతుంది?

బహుళజాతి కంపెనీ అయినా, దేశీయ కంపెనీ అయినా సూత్రం ఒకటే. 2022లో రిలయన్స్ పాత కాంపా పేరును కొని, మరుసటి ఏడు 10 రూపాయల సీసాతో బజారులోకి వచ్చింది. వాళ్లలో వాళ్లు ధర తగ్గించుకుని పోటీపడితే మనకు చవక దక్కిందని మురిసిపోతాం. ఆ తగ్గింపు ఎవరి ఒంటి మీంచి కోస్తున్నారన్నది అడగాలి.

అడగడానికి మనకు చోటు ఉంది. 2002 నాటి వాల్టా చట్టం మన దగ్గర ఉంది. ఊళ్లో ఫ్యాక్టరీ పెడతామంటే ఎన్ని బోర్లు వేస్తారు, రోజుకు ఎన్ని లీటర్లు తోడతారు, మడ్డి ఎక్కడ పోస్తారు అని గ్రామసభలో అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి. పంట కొనే ధర కాయ కోతకు ముందే రాతపూర్వకంగా ఉండాలని రైతులతో కలిసి పట్టుబట్టాలి. ఫ్యాక్టరీలో సీజను కూలికి వెళ్లేవాళ్ల పేర్లు హాజరుపట్టీలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. గుట్టు వాళ్ల దగ్గరే ఉండనీ. నీళ్ల లెక్క, ధర లెక్క, కూలి లెక్క మాత్రం మన చేతికి రావాలి.