పికిల్‌బాల్ సింగిల్సు: ఆటగాని శ్రమయు, దెబ్బల పొందికయు

పికిల్‌బాల్ వృద్ధుల వేడుకయని పలువురు తలంతురు. నలుగురు కూడి మెల్లగా నాడుకొను డబుల్సును మాత్రమే చూచినవారి కట్లు తోచుట వింత కాదు. ఒక్కరికొక్కరుగా నిలిచి యాడు సింగిల్సును, అందును బెన్ జాన్సు, అన్నా లీ వాటర్సు వంటి వృత్తిక్రీడాకారుల యాటను చూచినచో ఆ యభిప్రాయము నిలువదు.

1965వ సంవత్సరమున అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున, బెయిన్‌బ్రిడ్జి ద్వీపమందు, ఈ యాట యొక పాత బాడ్మింటను స్థలముపై పుట్టినది. కావుననే దీని కొలతలు మన బాలురెరిగిన బాడ్మింటను డబుల్సు కొలతలే: నిడివి 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. వల ప్రక్కల 36, నడుమ 34 అంగుళముల యెత్తుండును. వలకు ఇరువైపుల 7 అడుగుల మేరలో నిలిచి, నేల తాకని బంతిని కొట్టరాదు. ఈ మేరకు కిచెన్ అని పేరు. వంటతో దానికి సంబంధ మేమియు లేదు.

సర్వు చేసిన బంతి యవతల నొకమారు, తిరిగి వచ్చిన బంతి యివతల నొకమారు, నేల తాకి తీరవలెను. సింగిల్సు మర్మమంతయు నీ నియమములోనే యున్నది. టెన్నిసులో సర్వు చేయువాడు బలవంతుడు. ఇచ్చట నట్లు గాదు. ఎదిరి బంతిని వెనుకగీత దాపునకు పంపి, దాని వెంటనే కిచెన్ గీతకడకు పరుగెత్తును. సర్వు చేసినవాడో, బంతి నేల తాకువరకు వెనుకనే నిలువవలసినవాడు. కనుక వలకడ స్థానము ఎదిరికే ముందు చిక్కును.

ఇక మూడవ దెబ్బ. వలకడ నున్నవానిని దాటించి కొట్టుట యొక మార్గము. బంతిని కిచెన్‌లో మెత్తగా జార్చి తానును ముందునకు వచ్చుట రెండవది. డబుల్సులో రెండవదే మిక్కిలి వాడుక. సింగిల్సులో 20 అడుగుల వెడల్పును ఒక్కడే కాయవలెను గావున ప్రక్కన సందు దొరకును, మొదటిదానికే మొగ్గెక్కువ. ప్రక్కగీత వెంట తిన్నగా కొట్టిన బంతి త్వరగా చేరును గాని, వల యెత్తుగా నున్నచోట దాటవలెను. మూలనుండి మూలకు కొట్టినది వల తగ్గియున్న నడిమిభాగము మీదుగా పోవును. దారి మాత్రము 48 అడుగులు. నేర్పరి రెండింటిని ఒకే భంగిమతో కొట్టును. ఎదిరి ముందే కదలెనా, అతడు విడిచిన వైపునకే బంతి పోవును.

ఈ యాటలో దూరపు పరుగు లేదు. ఉన్నది బయలుదేరుట, చటుక్కున నిలుచుట, ప్రక్కకు దుముకుట, మరల వెనుకకు మరలుట. బంతి రంధ్రములుగల ప్లాస్టికుది, అంతగా ఎగయదు. కావున మోకాళ్లు వంచి దానికడకు దిగవలెను. మైలు పరుగెత్తగలవానికంటె 5 గజముల పరుగును నూరుమారులు తీయగలవాని కీ యాట తగునని నా తలంపు.

సాధారణపు లెక్కలో సర్వు చేసినవానికే పాయింటు వచ్చును. 11 పాయింట్లు, అందును 2 పాయింట్ల ఆధిక్యముతో, గెలుపు. సర్వు చేయువానికి స్థానబలము తక్కువయని పైన చెప్పితిని గదా! అందుచే 10 పాయింట్లతో గెలుపు ముంగిట నిలిచినవాడును, సర్వును మాటిమాటికి కోల్పోయి, 4 పాయింట్లవాడు తన్ను దాటిపోవుట చూడవచ్చును. అప్పటికి కాళ్లు అలసియుండును. అలసినవాని సర్వు పొట్టిగా పడును. అది యెదిరిని వలకడకు మరింత త్వరగా చేర్చును.