బ్యాంకు పేరుతో వచ్చిన సందేశం: అసలేది, నకిలీ ఏది?

తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్లు కావు అన్నది పెద్దల మాట. రసాయనశాలలో ఈ మాటకు విలువ మరింత ఎక్కువ. రెండు సీసాలలోని ద్రవాలు కంటికి ఒకే తీరుగా కనిపించినప్పటికీ ఒకటి మంచినీరు, రెండవది ఆమ్లం కావచ్చును. అక్కడ చూపు ప్రమాణం కాదు, పరీక్షయే ప్రమాణం. హ్యాండ్‌ఫోనుకు బ్యాంకు పేరుతో వచ్చే సంక్షిప్త సందేశాలకు కూడ ఇదే సూత్రం వర్తిస్తుంది.

మలేషియాలో 55 ఏళ్లు నిండినవారు ఇ.పి.ఎఫ్. అనబడే ఉద్యోగుల భవిష్యనిధి నుండి తమ సొమ్మును తీసుకొనవచ్చును. తోటలలోనో, కార్యాలయాలలోనో జీవితమంతా శ్రమించి కూడబెట్టిన ధనం అలా ఒకే బ్యాంకు ఖాతాలోనికి చేరుతుంది. అట్టివారికి ఒకనాడు "మీ ఖాతా నుండి 4,500 రింగిట్లు బదిలీ అవుతున్నవి. ఇది మీరు చేసినది కానిచో వెంటనే ఈ లింకును నొక్కుడు" అని సందేశం వస్తే గుండె ఝల్లుమంటుంది. మోసగాడు ఆశించేది ఆ కంగారునే.

పైన బ్యాంకు పేరు స్పష్టంగా ఉన్నది కదా అన్న సందేహం సహజం. మొట్టమొదటి సంక్షిప్త సందేశం 1992 డిసెంబరు 3న బ్రిటనులో పంపబడినది. నాటి ఏర్పాటులో పంపినవారి పేరు నిజమా కాదా అని పరీక్షించే సాధనం లేదు. ఆ స్థానంలో 11 అక్షరాల వరకు ఏ పేరైనను చేర్చవచ్చును. ఫోను ఒకే పేరుతో వచ్చిన సందేశాలన్నింటిని ఒకే వరుసలో పేరుస్తుంది. అందువలన నకిలీ సందేశం, నిన్నటి నిజమైన సందేశం క్రిందనే వచ్చి కూర్చుంటుంది. పొరుగున ఉన్న సింగపూరులో 2021 చివర జరిగినది ఇదే. ఓ.సి.బి.సి. బ్యాంకు పేరుతో వచ్చిన ఇట్టి సందేశాలను నమ్మి సుమారు 790 మంది 1.37 కోట్ల సింగపూరు డాలర్లు కోల్పోయారు.

ఇక్కడ గమనింపదగిన విచిత్రం ఒకటున్నది. లింకును నొక్కగా తెరుచుకొనే నకిలీ పుటలో ఖాతాదారు తన పేరును, రహస్యపదాన్ని వ్రాయగానే మోసగాడు వాటిని అసలు బ్యాంకు పుటలో నింపుతాడు. అప్పుడు అసలు బ్యాంకే టి.ఎ.సి. సంఖ్యను ఖాతాదారుకు పంపుతుంది. ఈ సందేశం ముమ్మాటికి నిజమైనదే. కాని దానిని నకిలీ పుటలో వ్రాసినంతనే ధనం చేయి దాటుతుంది. ఈ కారణముననే 2022 సెప్టెంబరులో బ్యాంక్ నెగారా, సందేశం ద్వారా సంఖ్యను పంపే పద్ధతిని విడిచి అంతకంటె భద్రమైన పద్ధతికి మారవలసినదిగా బ్యాంకులను ఆదేశించినది.

లింకులున్న సందేశాలపై మలేషియా సమాచార, బహుళ మాధ్యమ సంఘం 2023 నుండి దశలవారీగా ఆంక్షలు విధించినది. 2024 సెప్టెంబరు నుండి సంస్థలు పంపే సందేశాలకు కూడ ఈ నిషేధం విస్తరించినది. అయినను దొడ్డిదారి ఒకటి మిగిలియున్నది. పాత 2జి పద్ధతిలో ఫోను తానెవరో టవరుకు నిరూపించుకొనవలెను గాని, టవరు తానెవరో ఫోనుకు నిరూపించుకొనదు. కారులో పట్టే నకిలీ టవరు పరికరంతో తిరుగుతూ, దూరవాణి సంస్థతో నిమిత్తం లేకుండ చుట్టుప్రక్కల ఫోనులకు సందేశాలు పంపవచ్చును. 2024లో మలేషియాలో ఇట్టివారు పట్టుబడిరి కూడ. కనుక బ్యాంకు పేరుతో లింకు వచ్చినదంటే, ఆ లింకే నకిలీకి నిదర్శనం.

నిజమైన హెచ్చరిక జరిగిన విషయాన్ని తెలియజేస్తుంది. రహస్యపదాన్ని గాని, టి.ఎ.సి. సంఖ్యను గాని అడుగదు. మొదట "ఆర్.ఎం.0" అని ఉన్నంత మాత్రాన నమ్మరాదు. ఆ సందేశానికి రుసుము లేదని చెప్పే ఆ గుర్తును ఎవరైనను వ్రాయగలరు. టి.ఎ.సి. సంఖ్య వచ్చినప్పుడు అది ఏ పనికి, ఎంత మొత్తానికి అన్నది పూర్తిగా చదువవలెను.

అన్నింటికంటె నమ్మదగిన పరీక్ష ఒకటే. సందేశం చూపిన దారిని విడిచి, మరొక దారిలో బ్యాంకును చేరవలెను. కార్డు వెనుక ముద్రించిన సంఖ్యకు ఫోను చేయవచ్చును. లేదా బ్యాంకు యాప్‌ను స్వయంగా తెరిచి చూడవచ్చును. హెచ్చరిక నిజమైనదైతే ఆ విషయం అక్కడనే తెలుస్తుంది. ఇందుకు పట్టేది కొద్ది నిమిషాలే.

ఒకవేళ పొరపాటు జరిగిపోయినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే బ్యాంకుకు, 2022లో ఏర్పడిన జాతీయ మోసాల ప్రతిస్పందన కేంద్రపు 997 సంఖ్యకు తెలుపవలెను. ఖాతాను తామే స్తంభింపజేసుకొనే ఏర్పాటు కూడ పలు బ్యాంకులు కల్పించినవి. దొంగ సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు వేగంగా తరలిపోతుంది. దానిని అడ్డగించుటకు ప్రతి నిమిషమూ విలువైనదే. ఇంట వృద్ధులున్నవారు ఈ రెండు సంఖ్యలను, అనగా బ్యాంకు సంఖ్యను, 997ను, పెద్ద అక్షరాలతో వ్రాసి ఫోను ప్రక్కన అంటించి ఉంచుట మేలు.