తీపితో తేరుకునే వ్యాధి

చక్కెర వ్యాధి అంటే తెలియని తెలుగు కుటుంబం ఈనాడు అరుదు. రక్తంలో చక్కెర హెచ్చడం దాని లక్షణం. దానికి సరిగ్గా విలోమమైన వ్యాధి ఒకటున్నది. క్లోమగ్రంథిలోని బీటా కణాల నుండి పుట్టే 'ఇన్సులినోమా' అనే కణితి అదుపు లేకుండా ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఏటా పది లక్షల మందిలో ఇది సోకేది ఇంచుమించు నలుగురికి మాత్రమే.

ఆ అరుదుతనమే రోగి పాలిట శాపం. తెల్లవారుజామున, లేదా భోజనం ఆలస్యమైన వేళ, చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ఒక్కొక్కప్పుడు స్పృహ తప్పుతుంది. చూసేవారు మద్యం మత్తనుకుంటారు. మూర్ఛరోగమనో మతిభ్రమణమనో ఏళ్ల తరబడి మందులు మింగించడమూ కద్దు. ఏదైనా తింటే తగ్గుతుందని రోగి తనంతట తానే కనిపెట్టి, పదేపదే తిని, బరువు పెరుగుతాడు.

1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్న తరువాతనే ఈ చిక్కు విడసాగింది. అమెరికాలోని మేయో క్లినిక్‌కు వచ్చిన ఒక రోగి స్వయంగా శస్త్రవైద్యుడు. విలియం మేయో ఉదరం తెరిచి చూడగా, క్లోమంలోని కణితి అప్పటికే కాలేయానికి వ్యాపించి ఉన్నది. రోగి దక్కలేదు. కాని ఆ కణితి సారాన్ని కుందేళ్లకు ఎక్కించగా వాటి రక్తంలో చక్కెర పడిపోయింది. 1927లో వెలువడిన ఈ ఫలితం కన్నా సూటియైన రసాయన నిదర్శనం వేరే కావాలా? రెండేళ్లకే టొరంటోలో రాస్కో గ్రాహం ఇటువంటి కణితిని తొలగించి రోగిని స్వస్థపరచగలిగాడు.

1930లలో న్యూయార్క్ శస్త్రవైద్యుడు అలెన్ విపుల్ నిర్ణయించిన మూడు గుర్తులు నేటికీ ప్రమాణమే: ఉపవాసంలో లక్షణాలు కనబడాలి, ఆ సమయంలో రక్తంలో చక్కెర తక్కువగా ఉండాలి, గ్లూకోజు ఇవ్వగానే తేరుకోవాలి. అందుకే రోగిని ఆసుపత్రిలో 72 గంటల వరకు ఉపవాసం ఉంచుతారు. ఎవరైనా రహస్యంగా ఇన్సులిన్ సూది వేసుకొని ఉంటే? శరీరం ఇన్సులిన్‌ను తయారుచేసేటప్పుడు దానితోపాటు 'సి-పెప్టైడ్' అనే తునక విడివడుతుంది. సీసాలోని ఇన్సులిన్‌లో అది ఉండదు. ఈ ఒక్క అణువును కొలిస్తే అనుమానం తీరుతుంది.

నూటికి తొంభై కణితులు ప్రాణాంతకం కావు, తొలగిస్తే చాలు. వ్యాపించిన వాటికి వాడే మందులలో స్ట్రెప్టోజోసిన్ ఒకటి. గ్లూకోజుకు విషభాగం అతికినట్లుండే దీని నిర్మాణం చూడముచ్చటైనది. చక్కెర అనుకొని బీటా కణం దీనిని లోనికి రానిస్తుంది, చస్తుంది. ప్రయోగశాలలో ఎలుకలకు మధుమేహం తెప్పించడానికి వాడేదీ ఇదే. అయితే మూత్రపిండాలను కూడా ఇది విడిచిపెట్టదు. వైద్యులు ఆచితూచి వాడవలసి వస్తుంది.