పాత బ్యాటరీకి పలికే ధర

కారుకో ఇన్వర్టర్‌కో కొత్త బ్యాటరీ కొనడానికి దుకాణానికి వెళితే, ధర చెప్పేలోపే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: పాతది తెచ్చారా? తెస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ 50 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది, అందులో సగానికి పైగా సీసమే. మూలన పడేసిన సామాన్లలో దీనికున్నంత గిరాకీ మరి దేనికీ ఉండదు. మన ఊళ్ల చెత్తకుప్పల్లో తెగిన చెప్పులు కనిపిస్తాయి, చిరిగిన పరుపులు కనిపిస్తాయి, విరిగిన కుర్చీలు కూడా కనిపిస్తాయి. లారీ బ్యాటరీ మాత్రం కనిపించదు. బ్యాటరీల చట్టం గురించి మాట్లాడే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. పాత సీసం బ్యాటరీని జనం చేతుల్లోంచి వెనక్కి రప్పించడానికి ఏ చట్టమూ అక్కర్లేదు, ధరే రప్పిస్తోంది. అలా వచ్చింది ఎవరి భట్టీలోకి పోతోందన్నది చూడడానికే చట్టం కావాలి.

వస్తువు తయారుచేసిన వాడే దాని చివరి గతికీ పూచీ పడాలన్న ఆలోచనకు 1990లో ఒక పేరు పెట్టినవాడు స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లిండ్‌క్విస్ట్. మన దేశంలో బ్యాటరీల విషయంలో ఆ ఆలోచన 2001లోనే నిబంధనల రూపం దాల్చింది. సీసం బ్యాటరీలు అమ్మే కంపెనీలు, అమ్మిన వాటికి తగ్గట్టు పాతవి వెనక్కి తీసుకోవాలనీ, మూడో ఏడు నుంచి అది 90 శాతానికి చేరాలనీ అప్పట్లోనే రాశారు. ఆరునెలలకోసారి లెక్కలు పంపమన్నారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు పెరటి భట్టీలు నిక్షేపంగా నడిచాయి. 2022 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలు పరిధిని బాగా పెంచాయి. పెన్సిల్ సెల్లు మొదలు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ దాకా అన్నీ వాటి కిందికి వస్తాయి. తయారీదారూ, దిగుమతిదారూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. తమ వాటా బరువుకు సరిపడా బ్యాటరీలు రీసైకిల్ అయినట్టు సర్టిఫికెట్లు చూపాలి. పాత బ్యాటరీని భూమిలో పూడ్చకూడదు, కాల్చకూడదు. లక్ష్యం తప్పితే పరిహారం కట్టాలి. అది కట్టినంత మాత్రాన బాధ్యత తీరదు, తప్పిన బరువు మూడేళ్ల వరకూ ఖాతాలో వెంటాడుతుంది. కాగితం మీద ఇది గట్టి చట్టమే.

అయితే ఈ చట్టం ఎవరితో పోటీ పడుతోందో చూడాలి. ఊరి చివర ఒక షెడ్డు. గొడ్డలితో బ్యాటరీ డబ్బా పగలగొడతారు, యాసిడ్ మట్టిలోకో కాలువలోకో పోతుంది. ప్లేట్లు లాగి, బొగ్గుల గుంటలో వేసి కరిగించి, గరిటెతో తోడి అచ్చుల్లో పోస్తారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి మామూలు కట్టెల మంట చాలు, పెద్ద విద్యా అక్కర్లేదు. కానీ ప్లేట్ల మీద ముద్దలా ఉండే సీసం సమ్మేళనాల్లోంచి లోహం పూర్తిగా రావాలంటే అంతకు చాలా ఎక్కువ వేడి, సరైన కొలిమి కావాలి. అందుకే పెరటి భట్టీలో సీసం కొంత పొగలోనూ, కొంత చిట్టెంలోనూ పోతుంది. ఆ చిట్టెం పక్కనే కుప్ప పడుతుంది. పద్ధతిగా నడిచే కర్మాగారంలో బ్యాటరీని మూసిన యంత్రం నలుగగొడుతుంది. నీళ్ల తొట్టిలో ప్లాస్టిక్ పైకి తేలుతుంది, సీసం అడుక్కి చేరుతుంది. యాసిడ్‌ను శుద్ధి చేస్తారు, పొగను వడపోత సంచుల గుండా పంపుతారు. ఆ యంత్రానికీ, ఆ సంచులకీ, కూలీల రక్తపరీక్షలకీ, పన్ను బిల్లులకీ డబ్బవుతుంది. షెడ్డువాడికి ఆ ఖర్చేదీ లేదు. కాబట్టి పాత బ్యాటరీకి కిలోకి రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వగలిగేది ఎప్పుడూ వాడే. డీలరు ఎవరికి అమ్ముతాడో ఊహించడానికి అర్థశాస్త్రం చదవనక్కర్లేదు.

ఆ మిగిలిన రెండు రూపాయలు ఎక్కడినుంచి వస్తున్నాయి? చుట్టుపక్కల పిల్లల రక్తంలోంచి. ఇది అతిశయోక్తి కాదు. మింగిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత వరకూ పరవాలేదు అనదగ్గ మోతాదంటూ లేదనీ అంటోంది. 2007-08లో సెనెగల్ రాజధాని డకార్ శివార్లలోని థియారోయ్-సుర్-మెర్‌లో పాత బ్యాటరీల సీసం తీసే చోట కొద్ది నెలల్లో 18 మంది పిల్లలు చనిపోయారు. అంత దారుణం జరిగితే వార్త అవుతుంది. మామూలుగా జరిగేది మరోలా ఉంటుంది: పిల్లవాడికి పాఠం తలకెక్కదు, నీరసం, కడుపునొప్పి. ఏ డాక్టరూ భట్టీని అనుమానించడు. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వేసిన అంచనా ప్రకారం రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉన్న పిల్లలు మన దేశంలో 27.5 కోట్ల మంది. దానికి కారణం బ్యాటరీలొక్కటే కాదు. రంగులు, కల్తీ పసుపు, పాత్రలు కూడా ఉన్నాయి. కానీ ప్రపంచంలో వాడే సీసంలో దాదాపు 85 శాతం బ్యాటరీల్లోకే పోతుంది కనుక అసలు దారి ఏదో తెలుస్తూనే ఉంది.

తయారీదారుడి మీద బాధ్యత పెట్టడం న్యాయమా, పాడుచేస్తున్నది భట్టీవాడు కదా అని అడిగేవాళ్లున్నారు. తప్పు ఎవరిదన్న కోణంలో చూస్తే ఆ ప్రశ్నలో బలముంది. కానీ ఎవరి చేతిలో పగ్గం ఉందన్నది అసలు విషయం. దేశం నిండా చిల్లర భట్టీలు, తుక్కు కొట్లు. ఒకటి మూయిస్తే వారంలో ఇంకో ఊరి చివర లేస్తుంది. బ్యాటరీ కంపెనీలో? వాహనాల బ్యాటరీలు చేసే పెద్దవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందులో ఒకటైన అమరరాజా తిరుపతి పక్కన కరకంబాడి కేంద్రంగా ఎదిగినదే. డీలరు లాభం, అతనికి పంపే సరుకు, అప్పు గడువు, ఇవన్నీ కంపెనీల గుప్పిట్లో ఉంటాయి. ఎన్ని కొత్త బ్యాటరీలు తీసుకున్నావో అన్ని కిలోల పాతవి నేను చెప్పిన రీసైక్లర్‌కే చేర్చు, అప్పుడే నీ కమీషన్ అని డీలరుకు షరతు పెట్టగలిగేది కంపెనీ ఒక్కటే. ఇన్‌స్పెక్టర్ వల్ల కాదు. జర్మనీలో పాతది ఇవ్వకుండా కారు బ్యాటరీ కొంటే 7.50 యూరోలు డిపాజిట్ కట్టాలి. మన దగ్గర పాతదానికి తగ్గింపు ఎలాగూ ఉంది కాబట్టి కొనేవాడికి కొత్తగా ఆశ చూపనక్కర్లేదు. దుకాణం వెనక గుమ్మం నుంచి కొలిమి దాకా ఉన్న దారికి కాపలా కావాలి.

ఇక్కడే 2022 నిబంధనల మీద నా అసలు ఫిర్యాదు. అవి ఆ దారిని వదిలి చివరనున్న సర్టిఫికెట్‌ను పట్టుకున్నాయి. కంపెనీ తన బ్యాటరీ ఎటు పోయిందో చూసుకోనక్కర్లేదు, రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్ కొంటే సరి. ప్లాస్టిక్ విషయంలో ఇలాంటి ఏర్పాటు ఏమైందో చూశాం: 2023లో మండలి తనిఖీ చేస్తే 6 లక్షలకు పైగా దొంగ సర్టిఫికెట్లు తేలాయి. సీసంలో మోసం ఇంకా తేలిక. పెరటి భట్టీలో పోసిన దిమ్మను పెద్ద కర్మాగారం కొని మళ్లీ కరిగిస్తే, ఆ సీసం ఎక్కడ పుట్టిందో దాని ముఖాన రాసి ఉండదు. 2027-28 నుంచి వాహన బ్యాటరీల్లో 35 శాతం రీసైకిల్ చేసిన సరుకు ఉండాలన్న నిబంధన కూడా ఈ మురికిని కడగలేదు, ఎందుకంటే మురికి సీసం కూడా రీసైకిల్ చేసిన సీసమే. అయినా దారి లేకపోలేదు. సీసం మాయమయ్యే పదార్థం కాదు. ఎన్ని టన్నుల పాత బ్యాటరీలు లోపలికి వచ్చాయి, ఎంత కరెంటు కాలింది, ఎన్ని టన్నుల దిమ్మలు బిల్లుతో బయటికి వెళ్లాయి, చిట్టెం ఎంత అన్న నాలుగు లెక్కలు పక్కపక్కన పెడితే అబద్ధం దానంతటదే బయటపడుతుంది. ఆ పత్రాలు పన్నుల శాఖ దగ్గరా, విద్యుత్ సంస్థ దగ్గరా ఉండేవే.

పెన్సిల్ సెల్లు, గడియారంలో బటన్ సెల్లు, పిల్లల బొమ్మల్లోని లిథియం బ్యాటరీల కథ దీనికి తలకిందులు. వాటిని కొనేవాడే లేడు. తడిచెత్తతో కలిసి బండెక్కుతాయి. నలిగిన లిథియం సెల్లు చెత్తలారీలో అంటుకుంటుంది. వీటికి ధర పలకదు కాబట్టి సేకరణ ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు మున్సిపాలిటీ కాకుండా కంపెనీ కావాలనడమే ఈ బాధ్యతకు అర్థం. యూరప్ చిన్న బ్యాటరీలకు 2023లో 45 శాతం, 2030 చివరికి 73 శాతం సేకరణ లక్ష్యం పెట్టుకుంది. అంత డబ్బూ, అంత శ్రమా ఉన్నచోటే సగానికి తక్కువతో మొదలుపెట్టారంటే పని ఎంత కష్టమో తెలుస్తుంది. సీసానికి కాపలా కావాలి, చిన్న సెల్లుకు పెట్టుబడి కావాలి. రెంటికీ ఒకే సర్టిఫికెట్ మందు రాయడం నాకు సబబుగా తోచదు.

ధరలు పెరుగుతాయన్న అభ్యంతరం నిజమే. పెరుగుతాయి. పాతదానికిచ్చే తగ్గింపు కూడా కొంత తగ్గవచ్చు. ఆ తేడాను ఇప్పుడు భట్టీ పక్కింటివాళ్లు తమ ఆరోగ్యంతో కడుతున్నారు, దాన్ని బ్యాటరీ వాడుకునేవాళ్లం కట్టడం న్యాయం. పాత సామాన్లవాళ్ల పొట్ట కొడుతున్నామన్న మాట ఇంతకన్నా బరువైనది. వాళ్లు ఇల్లిల్లూ తిరగకపోతే ఏ కర్మాగారానికీ సరుకు లేదు. కానీ వాళ్ల నైపుణ్యం సేకరణలో ఉంది, కరిగించడంలో లేదు. కరిగించే చోట మొదట చచ్చేది కూడా వాళ్లే, బట్టలకంటిన దుమ్ముతో ఇంటికి సీసం మోసుకెళ్లేదీ వాళ్లే. తిరిగి కొనే పని వాళ్లకే ఉంచి, గుర్తింపు కార్డూ కిలోకి కమీషనూ ఇచ్చి, గొడ్డలీ గుంటా మాత్రం తీసేయాలి. 2022 నిబంధనలు వాళ్ల పేరెత్తి ఇంత భరోసా కూడా ఇవ్వలేదు.

వాడిన బ్యాటరీని విడిగా ఉంచి, సేకరణకో రీసైక్లింగ్‌కో అప్పగించాల్సిన బాధ్యత ఆ నిబంధనల్లో కొనేవాళ్లకూ ఉంది. ఈసారి ఇన్వర్టర్ బ్యాటరీ మార్చినప్పుడు, పాతది తీసుకున్నట్టూ దాని బరువెంతో, ఎంత తగ్గించారో బిల్లులోనే రాయించుకోండి. బిల్లు లేకుండా ఇంకో వంద ఎక్కువిస్తామంటే, ఆ వంద ఎక్కడినుంచి వస్తోందో అడగండి.