బంతిలో గాలి తగ్గితే శిక్ష ఎంత?

2015 జనవరి 18న అమెరికాలోని ఫాక్స్‌బరోలో జరిగిన ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి అక్కడి అభిమానులు ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆడింది న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, ఇండియానాపోలిస్ కోల్ట్స్. గెలిచింది పేట్రియట్స్, 45–7 తేడాతో. ఇంత ఏకపక్షంగా ముగిసిన ఆటలో గొడవేముంటుంది అనుకుంటాం. గొడవంతా బంతుల్లోని గాలి గురించి.

ఇది మన పిల్లలు కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డును రెండువైపులా సాగదీసినట్టుండే బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే ఆట. ఇందులో ఒక విచిత్రం ఉంది. దాడికి దిగినప్పుడు ఏ జట్టు తన బంతులతోనే ఆడుతుంది. ఆ బంతిలో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 12.5 నుంచి 13.5 పౌండ్ల మధ్య ఉండాలని నియమం. గాలి కాస్త తగ్గితే బంతి మెత్తబడి, చలిలో, వానలో చేతికి బాగా చిక్కుతుంది. ఆ రోజు చలీ ఉంది, వానా ఉంది.

సగం ఆట ముగిసేసరికి పేట్రియట్స్ బంతులు 11 కొలిచారు. అన్నీ 12.5 కంటే తక్కువే. పేట్రియట్స్ తరఫున బంతి విసిరే ఆటగాడు టామ్ బ్రేడీ, ఆ దేశంలో మన సచిన్ అంత పేరున్నవాడు. లీగ్ నియమించిన న్యాయవాది టెడ్ వెల్స్ నాలుగు నెలల తరువాత నివేదిక ఇచ్చాడు. జట్టు సిబ్బంది ఇద్దరు కావాలని గాలి తీసి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందనీ, ఆ సంగతి బ్రేడీకి కనీసం స్థూలంగానైనా తెలిసి ఉండవచ్చుననీ అందులో రాశాడు. శిక్షలు పడ్డాయి. బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం, జట్టుకు 10 లక్షల డాలర్ల జరిమానా. కాలేజీల నుంచి కొత్త ఆటగాళ్లను వరుసలో ఎంచుకునే హక్కులు కూడా రెండు పోయాయి. ఒకటి 2016లో మొదటి వరుసది, మరొకటి 2017లో నాలుగో వరుసది.

హోసూరులో తెలుగు బడి పిల్లలకు ఇదంతా ఎందుకు అని తోటి ఉపాధ్యాయులు అడగవచ్చు. మా తొమ్మిదో తరగతిలో నేను దీన్ని రెండు పీరియడ్లు నడిపాను. మొదటిది భౌతికశాస్త్రం పీరియడ్.

చలికి గాలి ఒత్తిడి దానంతట అదే తగ్గుతుందని మా ఊరి పిల్లలకు చెప్పనక్కర్లేదు. డిసెంబరు పొద్దున్నే సైకిలు తీస్తే టైరు మెత్తగా ఉంటుంది. లెక్క కూడా సులువే. గేజి చూపే 12.5కు బయటి గాలి ఒత్తిడి 14.7 కలిపితే 27.2. గది వెచ్చదనం 22 డిగ్రీలు, మైదానం 9 డిగ్రీలు అనుకుందాం. కెల్విన్‌లో 295, 282. 27.2ను 282తో గుణించి 295తో భాగిస్తే 26. అందులోంచి 14.7 తీసేస్తే 11.3. అంటే ఎవరూ చెయ్యి పెట్టకపోయినా, 12.5 ఉన్న బంతి చలిలో 11.3కు దిగిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్ల నల్లబల్ల మీద చేసిన లెక్క ఇది. లీగ్ నియమించిన నిపుణులు ఇంకా జాగ్రత్తగా చేసి 11.32 నుంచి 11.52 మధ్య ఉండాలని తేల్చారు.

మరి కొలిస్తే ఎంత వచ్చింది? ఇక్కడే అసలు తిరకాసు. ఆ రోజు రెండు గేజీలు వాడారు. ఒకదాని సగటు 11.49, రెండోదాని సగటు 11.11. అవే బంతులు, అదే గది. మొదటి గేజి నిజమైతే చలి మీద నేరం తోసెయ్యవచ్చు. రెండోది నిజమైతే ఎవరో గాలి తీసినట్టు. ఆటకు ముందు రిఫరీ ఏ గేజితో కొలిచాడన్నదే కీలకం. ఆయన తనకు గుర్తున్నంతలో ఒక గేజి పేరు చెప్పాడు, నివేదిక రెండోదే వాడి ఉంటాడని తేల్చింది. ఆటకు ముందు వచ్చిన అంకెలు ఎవరూ కాగితం మీద రాసి పెట్టలేదు. పోల్చడానికి కోల్ట్స్ బంతులు కూడా కొలవడం మొదలుపెట్టారు గానీ, సమయం చాలక నాలుగింటితో ఆపేశారు. అవి వెచ్చని గదిలో ఎక్కువసేపు ఉన్న బంతులు కూడాను.

ఇంత బలహీనమైన కొలత మీద అంత శిక్షా అని బోస్టన్ వైపు అభిమానుల వాదన. వాళ్ల చేతిలో ఇంకో అస్త్రం ఉంది. విరామంలో గాలి సరిగ్గా నింపిన బంతులతో ఆడిన రెండో సగంలో పేట్రియట్స్ 28 పాయింట్లు కొట్టారు, కోల్ట్స్ సున్నా. మెత్తని బంతి వల్లే గెలిచారంటే ఎలా కుదురుతుంది?

ఎదుటివాళ్లూ తక్కువవాళ్లు కాదు. బంతుల సంచీ మోసుకెళ్తున్న సిబ్బంది ఒకడు దారిలో మరుగుదొడ్డిలోకి వెళ్లి 1 నిమిషం 40 సెకన్లు తలుపు వేసుకున్నది కెమెరాలో ఉంది. అదే మనిషి అంతకు కొన్ని నెలల ముందు ఫోన్ సందేశంలో తనను తాను 'గాలి తీసేవాడు' అని చెప్పుకున్నాడు. ఒళ్లు తగ్గించుకోవడం గురించి అలా అన్నాడని జట్టు సంజాయిషీ. విచారణ అధికారులతో మాట్లాడే రోజుల్లోనే బ్రేడీ తన పాత ఫోన్‌ను నాశనం చేయించాడు, అది తనకు ఎప్పుడూ ఉన్న అలవాటే అన్నాడు. వీటన్నిటినీ పక్కన పెట్టి కెల్విన్ లెక్కలు చెప్పడమేమిటని వీళ్ల కోపం. పైగా ఇదే జట్టు 2007లో ఎదుటి శిక్షకుల చేతి సైగలను దొంగచాటుగా వీడియో తీస్తూ దొరికింది. అప్పుడు శిక్షకుడు బెలిచిక్‌కు 5 లక్షల డాలర్లు, జట్టుకు రెండున్నర లక్షల డాలర్లు జరిమానా, మొదటి వరుస ఎంపిక ఒకటి రద్దు. స్వాధీనం చేసుకున్న టేపులను మాత్రం లీగే ధ్వంసం చేసింది. సాక్ష్యం ఉంచుకోవలసినవాడే దాన్ని పోగొడితే మిగతా జట్ల అభిమానులకు అనుమానం రాదా? ఆనాడు తక్కువ వేసినది ఈనాడు వడ్డీతో వసూలు చేశారని చాలామంది నమ్మకం.

రెండో పీరియడ్ తెలుగుది. పిల్లలు ఆట గురించి మాట్లాడితే సగం తమిళం, సగం ఇంగ్లిషు. రుజువు, అభియోగం, సంజాయిషీ, పక్షపాతం అన్న మాటలు నోటికి రావాలంటే ఇలాంటి వాదన ఒకటి కావాలి. తరగతిని రెండుగా చేశాను. ఒక సగానికి జట్ల పేర్లతో, రెండో సగానికి పేర్లు లేకుండా ఇచ్చాను. పేర్లున్నవాళ్లు పావుగంటలో రెండు ముఠాలైపోయారు. అమెరికాలో పిన్ని ఉందంటూ ఒకడు బ్రేడీ తరఫు కూడా పుచ్చుకున్నాడు. పేర్లు లేనివాళ్లు మాత్రం, ఆటకు ముందు అంకె ఎందుకు రాయలేదన్న ప్రశ్న దగ్గరే ఆగారు.

ఇది అభిమానుల జబ్బే కాదు, మనదీ. పరీక్షలో పక్కింటి పిల్లాడి దగ్గర చీటీ దొరికితే అది రుజువు, మనవాడి దగ్గర దొరికితే అనుమానం. 'దొరికితే దొంగ, దొరక్కపోతే దొర' అన్న సామెతను దొరికినవాడి తల్లిదండ్రులు ఎప్పుడూ రెండో సగం నుంచే వినిపిస్తారు. ఉపాధ్యాయులం మనమూ తక్కువ తినలేదు. చీటీ ఎవరిదో తేలక బెంచీ మొత్తాన్ని నిలబెట్టినవాళ్లు మనలో లేరా?

శిక్ష ఎంత అన్న విషయానికొస్తే, బంతుల్ని తారుమారు చేస్తే 25,000 డాలర్ల జరిమానా, అవసరమైతే ఇతర చర్య అని లీగ్ నియమాల్లో ఉంది. నాలుగు మ్యాచ్‌లన్నది ఎక్కడి నుంచి వచ్చింది? కమిషనర్ రోజర్ గుడెల్ దీన్ని ఉత్ప్రేరక మందులు వాడడంతో పోల్చాడు. అభిమానులు వేరే పోలిక తెచ్చారు. 2014లో బాల్టిమోర్ ఆటగాడు రే రైస్ తనకు కాబోయే భార్యను లిఫ్టులో కొట్టిన కేసులో లీగ్ మొదట వేసింది రెండు మ్యాచ్‌ల నిషేధం. ఆ దృశ్యాల వీడియో బయటికొచ్చి దేశమంతా మండిపడ్డాక దాన్ని నిరవధిక నిషేధంగా మార్చారు. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష కుదరదని మధ్యవర్తి దాన్ని కొట్టేశారు. మనిషిని కొడితే రెండు, బంతిలో గాలి తీస్తే నాలుగా అన్న ప్రశ్నకు లీగ్ దగ్గర మంచి జవాబు లేదు. మా ఆడపిల్లలు ఆ మాట దగ్గర చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

2012లో న్యూ ఆర్లియన్స్ జట్టు విషయం ఇంకా దారుణం. ప్రత్యర్థుల్ని గాయపరిచి మైదానం బయటికి పంపితే డబ్బు బహుమతులిచ్చే పద్ధతి అక్కడ నడిచిందని లీగ్ తేల్చింది. శిక్షకుడు షాన్ పేటన్‌ను ఏడాది పాటు పక్కన పెట్టారు. నలుగురు ఆటగాళ్లపై కూడా నిషేధం పడింది గానీ, అప్పీలు విన్న మాజీ కమిషనర్ పాల్ టాగ్లియాబు జరిగిన తప్పును ఒప్పుకుంటూనే ఆటగాళ్ల శిక్షలు ఎత్తేశాడు. పద్ధతి నడిపింది పైవాళ్లు కదా అని. నాకు ఈ మొత్తం చరిత్రలో నచ్చిన తీర్పు ఇదే.

బ్రేడీకి అలాంటి అప్పీలు దొరకలేదు. శిక్ష ఖరారు చేసిన గుడెల్ దగ్గరికే అప్పీలు వెళ్లింది. గుడెలే విని, గుడెలే సమర్థించుకున్నాడు. ఆటగాళ్ల సంఘం కోర్టుకెక్కింది. న్యూయార్క్ జడ్జి రిచర్డ్ బెర్మన్ 2015 సెప్టెంబరులో శిక్ష రద్దు చేశాడు. ఇలాంటి తప్పుకు ఇంత శిక్ష ఉంటుందని ఆటగాడికి ముందు తెలియజేయలేదన్నది ఆయన చెప్పిన ప్రధాన కారణాల్లో ఒకటి. 2016 ఏప్రిల్‌లో పై కోర్టు ఇద్దరికి ఒకరు తేడాతో శిక్షను మళ్లీ నిలబెట్టింది. బ్రేడీ గాలి తీయించాడా లేదా అన్నది ఆ కోర్టు తేల్చలేదు. ఆటగాళ్ల సంఘం సంతకం పెట్టిన ఒప్పందమే కమిషనర్‌కు ఆ అధికారం ఇచ్చిందా అన్నదే చూసింది, ఇచ్చిందంది. కోర్టు గెలిపించిందని ఒక వర్గం, కోర్టు అసలు సంగతి ముట్టుకోలేదని ఇంకో వర్గం, ఇద్దరూ అదే తీర్పును ఎత్తి చూపుకుంటున్నారు.

బ్రేడీ పూర్తిగా అమాయకుడని నేను అనుకోను. ఆ సందేశాలు, ఆ ఫోను చూశాక అలా అనుకోవడం కష్టం. అయినా ఆ నాలుగు మ్యాచ్‌లు ఎక్కువే అంటాను. ముందు కొలత రాయని సంస్థ, టేపులు పోగొట్టిన సంస్థ, తన తీర్పుపై అప్పీలు తానే విన్న సంస్థ వేసిన శిక్ష కాబట్టి. అన్నట్టు, లీగ్ ఇంకా శిక్షలు ప్రకటించకముందే జట్టు ఆ ఇద్దరు చిన్న సిబ్బందినీ పనిలోంచి పక్కన పెట్టేసింది. ఎక్కడైనా ముందు కిందవాడే బయటికి పోతాడు కదా.

శిక్ష ఫలితం కూడా చూడండి. బ్రేడీ లేని నాలుగింటిలో మూడు మ్యాచ్‌లు పేట్రియట్స్ గెలిచారు. అతడు తిరిగొచ్చాక, 2017 ఫిబ్రవరిలో అట్లాంటాను 34–28తో ఓడించి కప్పు కొట్టారు. బహుమతి ఇవ్వడానికి వచ్చిన గుడెల్‌ను ఆ జట్టు అభిమానులు వేదిక ముందే గేలిచేశారు. ఈ గొడవ తరువాతి సీజన్ నుంచి బంతుల గాలి కొలతలు ముందే రాసి ఉంచాలని లీగ్ నియమం పెట్టింది, కొన్ని మ్యాచ్‌లలో విరామంలో తనిఖీలూ చేయించింది. చలి రోజుల్లో మిగతా జట్ల బంతులు ఎంత దిగాయో ఆ అంకెలు చెప్పేవి. మా తొమ్మిదో తరగతి వాళ్లు వాటి కోసం అడిగారు, నల్లబల్ల మీది 11.3 పక్కన రాసి చూడాలని. లీగ్ వాటిని ప్రచురించలేదు.